ఎడమ వెనుక చక్రం

1988 ఫిబ్రవరి 14, ఆదివారం

"ఆ చక్రం ఊడదీసింది మీరే. పక్కవాడి వంక చూడకండి. ఈ కాగితం చేతిలో పట్టుకుని చదువుతున్న మీరే. మీ అలసత్వమే మొన్న గురువారం పూరీ గేటు రైలు పట్టాల మీద మన పెళ్ళి కారు ఎడమ వెనుక చక్రాన్ని ఊడదీసింది, తెల్లచీరలో ఉన్న పెళ్ళికూతురు స్వర్ణకుమారిని బురదలో దించింది, మడమ బెణికిన పిల్లని చర్చిదాకా కుంటుకుంటూ నడిపించింది."

మొదటి పేరా కుదిరింది. సైక్లోస్టైల్‌కి వెళ్ళేముందు మిగతాది కూడా ఇక్కడే రాసి చూసుకుంటాను.

"ఇరవై ఏడేళ్ళ కిందట ఈ ఊళ్ళో ఒక్క కారు యజమాని కూడా సఫాయి కాలనీ పెళ్ళికూతుర్ని తన సీటు మీద కూర్చోనివ్వలేదు. ఊరి మలం ఎత్తే చేతులు సీటుకి తగలకూడదన్నారు. అప్పుడు రైల్వే వ్యాగన్ ఫిట్టరు ఆమోసు, ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న మెయిల్ రైలు డ్రైవరు ఆర్థర్ దొర దగ్గర ఈ అమెరికా కారు కొని కాలనీకి తెచ్చాడు. అప్పటినుంచి ఇక్కడ పెళ్ళయిన ప్రతి ఆడపిల్లా ఇందులోనే చర్చికి వెళ్ళింది. ఇది దయ కాదు, జవాబు. అలాంటి జవాబుని కాపాడే బాధ్యత ఒక్క ముసలి చేతికి వదిలేసి మీరు నిద్రపోయారు. ఆ చెయ్యి కూడా నిద్రపోయింది.

ఆ ఉదయం ఈ కరపత్ర రచయిత స్వయంగా స్పానరుకి పైపు తొడిగి, వెనుక చక్రాల నట్లన్నిటినీ, గడియారం ముల్లు తిరిగే దిశలో, బిగించి చూశాడు. కుడి చక్రం నట్లు వెంట్రుకవాసి కదలలేదు. ఎడమ చక్రం నట్లు ఐదూ కిర్రుమంటూ అర చుట్టు తిరిగాయి. ఎంత వదులుగా ఉంటే అలా తిరుగుతాయో పాఠకులే గ్రహించాలి. ఏళ్ళ తరబడి సాగిన నిర్లక్ష్యాన్ని చివరి క్షణంలో ఒక్క ఉపాధ్యాయుడి చెయ్యి ఆపలేకపోయింది."

కింద డిమాండ్లు. ఆమోసు తాళం చెవి కాలనీ సంఘానికి అప్పగించాలి. ఇకమీద మరమ్మతులు చదువుకున్నవారి పర్యవేక్షణలో జరగాలి. ఇట్లు, ఈశ్వరప్రసాద్, కార్యదర్శి.

మా ఆవిడ కోటేశ్వరి వంటింట్లోంచి వచ్చి నా భుజం మీదుగా చదివింది. ఆమోసు రోజూ పాలబూత్ దగ్గర కనిపిస్తాడు గదా, ముందు నోటితో అడగకూడదా అంది. వ్యక్తిగతం వేరు, ప్రజల సమస్య వేరు అన్నాను. ఈ తేడా ఆవిడకి ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నాను.

ఫిబ్రవరి 16

మూడు వందల ప్రతులు. కుళాయి దగ్గర, చర్చి గేటు దగ్గర, డ్యూటీ దిగి వస్తున్నవాళ్ళకి, నా చేత్తోనే పంచాను. సిరా గోళ్ళలోంచి పోవడం లేదు.

మామూలుగా నా కరపత్రం అందుకున్నవాడు పది అడుగులు వేసి, వెనక్కి వచ్చి, వాదిస్తాడు. ఇవాళ ఒక్కడూ వాదించలేదు. చదివారు, నా వంక చూశారు, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఝపటాపూర్‌లో లేత్ మిషన్ నడిపే సమూయేలు రెండుసార్లు చదివి, నాకు టీ చెప్పాడు. రచన బలంగా ఉన్నప్పుడు ఇలాగే జరుగుతుంది.

ఫిబ్రవరి 21, ఆదివారం

సంఘం సమావేశం. ఆమోసు తాళం చెవి తెచ్చి బల్లమీద పెట్టాడు. తన పక్షాన ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. నేను రెండు పేజీల ఖండన సిద్ధం చేసుకుని వెళ్ళాను. అది జేబులోనే ఉండిపోయింది. అతను అన్నది ఇంతే:

"సక్రం నా సేతిలో ఉండగా ఊడింది. తాళం నా దగ్గర ఉండకూడదు. పని మాత్రం నానే సేస్తాను. పని సెయ్యడానికి తాళం అక్కర్నేదు గదా."

కారుని పాత ఇనుముకి అమ్మేద్దామని కొందరు. దాని సామాను దేశంలో ఎక్కడా దొరకదు, చక్రం బోల్టులు ఐదూ తెగాయి, డ్రమ్ము పగిలింది, ఇంకెందుకు అన్నారు. అప్పుడు నూకాలమ్మ లేచింది. శానిటరీ డిపార్ట్‌మెంటులో ముప్ఫై ఏళ్ళ సర్వీసు. మనిషి పొట్టి, గొంతు మాత్రం ప్లాట్‌ఫారం ఈ కొసనుంచి ఆ కొసకి వినిపిస్తుంది.

"ఆ కారెక్కే నాను పెళ్ళికూతుర్నై వొచ్చినాను. నా గుంటకి ఏప్రిల్ ఏడున పెళ్ళి. రూతు ఆ కారు దిగే చర్చి మెట్టెక్కాల. అప్పటికి తిరిగిందా సరే, నేదా, మీ ఇష్టం, ముక్కలు సేసి అమ్ముకోండి. నానింక అడగను."

తీర్మానం అదే. ఏప్రిల్ ఏడు. కారు తిరగకపోతే అమ్మకం. ఆమోసుకి తాళం తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది కూడా ఆ రోజే.

పర్యవేక్షణ ఎవరు అని అడిగారు. సమూయేలు నా కరపత్రం తీసి, "మాస్టారే సెయ్యాల. కాయితంలో అలగే ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. గౌరవించారు, సంతోషం.

శ్రమదినాలు, అంటే ఈస్టరుకి ముందు క్రైస్తవుల ఉపవాసాల కాలం, మొన్న బుధవారమే మొదలయ్యాయి. ఈస్టరు దాకా కాలనీలో పెళ్ళిళ్ళు ఉండవు. మతం నాకు చేసిన మొదటి మేలు ఇది. నలభై రోజులకి పైగా గడువు.

ఫిబ్రవరి 28

ఆమోసు ఇంటి వెనక రేకుల షెడ్డు. నేను కుర్చీలో. అతను నేల మీద.

చక్రం రంధ్రాలు కోడిగుడ్ల ఆకారంలో సాగిపోయాయి. ఆ బోల్టులు ఎక్కడా దొరకవు కాబట్టి జీపు హబ్బులు, జీపు డ్రమ్ములు, జీపు బ్రేకులు వేస్తానన్నాడు. హబ్బు అంటే ఇరుసు కొనకి తొడిగే భాగం, చక్రం బోల్టులు దానికే ఉంటాయి. జీపు ఇరుసు కొనా దీని ఇరుసు కొనా ఒకే వాలులో ఉంటాయని అతని నమ్మకం. బోల్టుల వలయం మాత్రం జీపుది పెద్దది. అప్పుడు జీపు చక్రాలు పడతాయి, అవి ప్రతి ఊళ్ళోనూ దొరుకుతాయి.

పర్యవేక్షకుణ్ణి కాబట్టి, వలయం ఎంతుందో కొలుద్దామని నేను స్కేలు తీశాను. ఒక రంధ్రం దగ్గర పెట్టి దానికి ఎదురుగా ఉన్నదాన్ని వెతికాను. స్కేలు ఎటు తిప్పినా రెండు రంధ్రాల మధ్యకే పోతోంది.

"ఎదురేటుంది మాస్టారు ఇందులో," అన్నాడు ఆమోసు. "అయిదు గదా."

చక్రం మీద అట్టముక్క పెట్టి సుత్తితో తట్టాడు. ఐదు గుర్తులూ అట్ట మీదకి దిగాయి. వాటి మీదుగా వృత్తం గీసి కొలిచాడు. నాలుగున్నర అంగుళాలు. జీపుది ఐదున్నర. తేడా ఒక్క అంగుళం.

ఇంటికొచ్చాక కూడా అదే తలలో తిరుగుతోంది. నాకు యాభై ఒకటి. ఏ విషయం చేపట్టినా దీనికి ఎదురేమిటి అని ముందు చూసుకుంటాను. ఐదు బోల్టులు ఒక బరువుని మోస్తూ, ఏదీ దేనికీ ఎదురుగా లేకుండా ఉండగలవన్న సంగతి ఎవరూ చెప్పలేదు.

మార్చి 5, శనివారం

ఆమోసుతో కలకత్తా. మల్లిక్‌బజార్‌లో ఇనుము గుట్టల మధ్య అయిదు గంటలు. ఇరుసు కొన కొలతకి అతను చెక్కతో మూస చెక్కి తెచ్చాడు. ప్రతి హబ్బులోనూ దూర్చి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, "కాదు" అని పక్కన పెడతాడు. కొట్టువాడు విసుక్కుంటే "ఠీక్ హై దాదా, ఠీక్ హై" అని ఇంకోటి తీస్తాడు. పదిహేడో హబ్బు కదలకుండా కూర్చుంది. దాని జతని వెతకడానికి ఇంకో గంట. సరిగ్గా పట్టినప్పుడు అతని ముఖం చూడాలి. ఆ ముఖం కోసం ఇంకోసారి కలకత్తా రమ్మన్నా వస్తాను.

బరువైన మూట అతను మోశాడు. తేలికది నాకిచ్చాడు.

తిరుగు లోకల్ రైల్లో టిఫిన్ డబ్బా తెరిచాడు. రొట్టెలు, ఎండుచేపల కూర. తింటారా మాస్టారు అని అడగలేదు. సగం మూతలో పెట్టి నా వైపు తోశాడు. కులం పోవాలని ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్నాను. అతని డబ్బాలోంచి తినడం ఇవాళే. నేను ఎన్నడూ వద్దనలేదు, అతను ఎన్నడూ పెట్టలేదు, అని రాయబోయి ఆగాను. అతను పెట్టే చోట నేను ఎన్నడూ కూర్చోలేదు.

కూర బాగుంది.

మార్చి 13, ఆదివారం

సమూయేలు లేత్ దగ్గరకి వెళ్ళాను. హబ్బులకి కొత్త బోల్టులు కోస్తున్నాడు, పది. జీపు హబ్బులతో వచ్చిన బోల్టులు బాగానే ఉన్నాయి గదా, ఇవెందుకు అన్నాను.

కుడివైపు ఐదూ అరిగిపోయాయన్నాడు. ఎడమవైపువి మాత్రం నిక్షేపంగా ఉన్నాయి, కానీ ఉల్టా చూడీ. ఆమోసు దాదా అవి కూడా తీసేసి సీదా చూడీ వేయమన్నాడు. రెండు పక్కలా సీదాయే. జీపు కంపెనీ పద్ధతి కూడా ఎడమకి ఉల్టాయేనని చెప్పినా వినలేదు. ఎందుకో చెప్పలేదు.

ఉల్టా చూడీ అంటే ఏమిటి అని అడిగాను.

సమూయేలు మిషన్ ఆపేశాడు. నా వంక చూసి, మళ్ళీ మిషన్ వంక చూసి, చెప్పనా వద్దా అన్నట్టు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. తర్వాత మూల డబ్బాలోంచి మన కారు పాత బోల్టు ముక్క ఒకటి తీశాడు. పూరీ గేటు దగ్గర తెగింది. దాని నట్టు ఇంకా దానిమీదే ఉంది.

"ఎడం పక్క మర ఎనక్కి కోస్తారు మాస్టారు. సక్రం ముందుకి తిరుగుతుంటే నట్టు ఒదులవకుండా. ఎడంకి తిప్పితే బిగుస్తాది. కుడికి తిప్పితే..."

ముక్క నా చేతిలో పెట్టాడు. నట్టుని కుడికి తిప్పాను. గడియారం ముల్లు తిరిగే దిశలో.

నట్టు ఊడి నా అరచేతిలో పడింది.

మార్చి 14

తలనొప్పి.

మార్చి 15

బడికి వెళ్ళాను.

ప్రపంచంలో ప్రతి మరా ఒకే దిశలో బిగుసుకుంటుంది. సీసా మూత, కుళాయి, కోటేశ్వరి ప్రెషర్ కుక్కర్ పిడి, అన్నీ. ఒక్క అమెరికావాడు మాత్రం ఎడమ చక్రానికి వెనక్కి కోస్తాడు. కోసి, ఎక్కడా చెప్పడు. తన యంత్రం తనకి తప్ప ఇంకెవరికీ అర్థం కాకూడదన్న పెట్టుబడిదారీ గోప్యత ఇది. సామాన్యుడు ఏం చేస్తాడు? సామాన్యుడికి తెలిసిన దిశలో సామాన్యుడు తిప్పుతాడు. నేరం ఎవరిది?

బాగానే ఉంది. దీన్ని కరపత్రంగా పెంచవచ్చు.

మార్చి 17

పెంచాను. కోటేశ్వరికి చూపించాను. "ఇది క్షమాపణా?" అంది.

రెండో చిత్తు రాశాను. అందులో, సభ్యులకి యంత్ర విజ్ఞానం నేర్పని సంఘం మీదకి పోయింది. మూడోదానిలో సమూయేలు మీదకి, ఆ రోజు ఉదయం అక్కడే ఉండి చూస్తూ ఊరుకున్నందుకు. ఆ రోజు సమూయేలు ఊళ్ళో లేడని మూడు పేజీలు రాశాక గుర్తొచ్చింది.

కోటేశ్వరి మూడూ తీసుకుని పొయ్యి దగ్గర పెట్టింది. "క్షమాపణ కూడా మూడు వందల కాపీలు కొట్టించకండి. ఉన్నది ఒక్క మనిషి. ముందు నోటితో చెప్పండి."

చెబుతాను.

మార్చి 18

చెప్పలేదు. పని మధ్యలో ఉన్నాడు.

మార్చి 20, ఆదివారం

హబ్బులు కూర్చున్నాయి. జీపు బ్రేకు పళ్ళాల రంధ్రాలు మన ఇరుసు రంధ్రాలకి కలవలేదు. మధ్యలో వేయడానికి సమూయేలు ఉక్కు వలయాలు చేసి తెచ్చాడు. పాతవాటికంటే బ్రేకులు వెడల్పు. పూరీ గేటు దగ్గర ఇప్పుడు అడుగు ముందే ఆగుతుందట.

ఆమోసు పాత బోల్టుల ముక్కల్ని కిరసనాయిల్లో కడుగుతుంటే ఒకటి తీసి ఎండలో పెట్టి చూశాను. దాని నెత్తి మీద ఒక అక్షరం కొట్టి ఉంది. ఎల్. ఇంకోటి తీశాను. ఎల్. ఐదింటికీ ఉంది. లెఫ్ట్ అని.

ఎక్కడా చెప్పడు అని రాశాను కదా. నెత్తిన రాసి మరీ చెప్పాడు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి చదవడం నేర్పుతున్నవాణ్ణి, నేను చదవలేదు. ఎవడూ ముందు చెప్పలేదని కోప్పడటానికి కూడా లేదు.

ఇవాళ కూడా చెప్పలేదు. నా పళ్ళెంలో చేప ముక్క పెద్దది పడింది. ఎలా చెప్పను.

మార్చి 24

రూతు వచ్చింది. నా దగ్గరే తెలుగు చదువుకుంది. ఇప్పుడు నర్సు. షెడ్డు గుమ్మంలో నిలబడి, చక్రాలు లేకుండా దిమ్మల మీద కూర్చున్న కారుని చాలాసేపు చూసింది. ఆమోసు పెదనాన్న తాళం మళ్ళీ పుచ్చుకుంటేనే తను ఆ కారెక్కుతానని, లేకపోతే నడిచే వస్తానని నాతో అంది. అమ్మకి చెప్పొద్దంది.

"మీరు మంచి జరగాలనే రాసినారు మాస్టారు," అని కూడా అంది. ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూశాను. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

మార్చి 27, ఆదివారం

ఇవాళ సంగతి పూర్తిగా రాయాలి.

కొత్త బ్రేకుల గొట్టాల్లో గాలి ఉంటే పెడల్ మెత్తగా దిగిపోతుందట. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి. ఇంకొకరు కింద పడుకుని, చక్రం వెనక చిన్న మర వదిలి, గాలీ నూనే బయటికి పోనిచ్చి, మళ్ళీ బిగించాలి. ఆ బిగించేలోపల పైనవాడు కాలు తీస్తే గాలి మళ్ళీ లోపలికే వస్తుంది, మొదటికి. ఆమోసు కింద పడుకున్నాడు. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు.

ఇరవై ఏడేళ్ళుగా ఆ సీట్లో అతను తప్ప ఎవరూ కూర్చోలేదు. తోలు అతని ఆకారానికి గుంట పడింది.

"తొక్కండి. పట్టండి. ఒదలండి." ఇలా పది పన్నెండుసార్లు. నాకు ఎదురుగా అద్దం, అందులో షెడ్డు రేకు. అతని ముఖం నాకు కనబడదు. నా ముఖం అతనికి కనబడదు. నా కాలు పెడల్ మీద ఉంది, కాబట్టి లేచి వెళ్ళిపోలేను.

"ఆమోసూ, ఆ చక్రం ఊడదీసింది నేనే," అన్నాను.

"కాలు తీసీకండి మాస్టారు."

"తీయలేదు."

"పట్టే ఉండండి." మర బిగిసిన చప్పుడు. "ఇప్పుడు ఒదలండి. ఇంకోపాలి తొక్కండి."

తొక్కాను. విన్నావా అని అడిగాను.

"ఇన్నాను. తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీరు కాయితాలు పంచినకాణ్ణించి. గడియారం ముల్లు తిరిగే దిశ అని మీరే రాసినారు గదా మాస్టారు. మూడొందలు. కాలనీలో సగం మంది లోకో షెడ్డులో, వ్యాగన్ షాపులో సేసినోళ్ళే. నట్టు ఎటు తిరిగితే ఏటవుతాదో తెల్నోడు ఎవుడున్నాడు? ఒదలండి."

వదిలాను. కుళాయి దగ్గర, చర్చి గేటు దగ్గర, వాళ్ళు చదివి మడిచి జేబులో పెట్టుకోవడం కళ్ళముందు కదిలింది. సమూయేలు టీ. "మాస్టారే సెయ్యాల" అన్నప్పటి నవ్వు. నా ఒప్పుకోలుని నేనే అచ్చు వేసి, నేనే పంచి, దాన్ని నేరారోపణ అనుకున్నాను. వాళ్ళంతా సరిగ్గానే చదివారు.

ఒక్కరూ ఎందుకు అనలేదు అన్నాను.

"నానే ఒద్దన్నాను. ఏటనాల? మీరు ఒదులు సెయ్యాలని తిప్పినారేటి? బిగించాలని తిప్పినారు. తొక్కండి." మర వదిలిన చప్పుడు. "నాను నట్టు బిగించి దానిమీంచి తెల్లగీత గీస్తాను. కదిలిందా, గీత ఇరుగుతాది. ఆ పొద్దున్న గీత సూడకుండా బండి తీసినాను. స్వర్ణకుమారి గుంట తొందర పెట్టింది, చర్చిలో పాట మొదలెట్టేసినారని. తిప్పింది మీరు, సూడంది నాను. సగం నాది. అందుకే తాళం బల్ల మీద పెట్టీసినాను. మీ కాయితానికి భయపడి కాదు."

"మరి రెండు పక్కలా సీదా చూడీ ఎందుకు వేయించావు?"

కింద నవ్వు వినిపించింది. నూనె పళ్ళెం కదిలింది.

"రేపు మళ్ళీ బిగిస్తారు గదా మీరు. మీరు కాపోతే ఇంకోలు. పెళ్ళిరోజు ప్రెతీవోడికీ ఏదోటి బిగించాలనుంటాది మాస్టారు, సేతులూరుకోవు. ఎవుడు ఏ పక్క సెయ్యి ఏసినా అది బిగుసుకోవాల. అంతే. పట్టండి. గాలైపోనాది."

నేను కాలు తీయలేదు.

మార్చి 28

అతను అరవై నాలుగేళ్ళవాడు. నాకంటే పదమూడేళ్ళు పెద్ద. ఇరవై ఏళ్ళ పరిచయంలో అతను నన్ను మీరు అంటాడు, నేను అతన్ని నువ్వు అంటాను. నిన్న పెడల్ మీద కాలు పెట్టుకుని తప్పు ఒప్పుకుంటూ కూడా నువ్వు అనే అన్నాను. ఇవాళ పొద్దున్న, నిన్న రాసింది చదువుకుంటుంటే కనబడింది.

ఆయన.

ఏప్రిల్ 3, ఆదివారం

ఈస్టరు. ఆరాధన అయ్యాక ఆయన కారుని నిమ్‌పురా దాకా తిప్పారు. వెనక జీపు చక్రాలు, ముందు పాత చక్రాలు. వెనక కొంచెం ఎత్తుగా, పరుగుకి సిద్ధంగా ఉన్నట్టు కనిపిస్తోంది. పిల్లలు కంగారూ అని పేరు పెట్టారు. బ్రేకు తొక్కితే పక్కకి లాగకుండా ఆగింది.

ముందు ఎడమ చక్రానికి మాత్రం పాత బోల్టులే. మార్చడానికి వ్యవధి లేదు, వచ్చే శ్రమదినాల్లో చూద్దామన్నారు ఆయన.

సంఘంలో నేను లేచి జరిగింది చెప్పాను. రెండు నిమిషాలు పట్టింది. ఇంత చిన్న ఉపన్యాసం నేను ఎన్నడూ ఇవ్వలేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. నూకాలమ్మ ఒక్కత్తే, "అయితే ఏడో తారీకు దాకా ఎందుకు, తాళం ఇప్పుడే ఇచ్చీయండి మరి, ఏటి సూస్తన్నారు" అంది. తాళం ఆయన చేతిలో పెట్టాను. చొక్కా జేబులో వేసుకుని, ఉందో లేదో అని పైనుంచి ఒకసారి తడుముకున్నారు.

ఏప్రిల్ 7, గురువారం

కారుకి బంతిపూలు, కాగితం రిబ్బన్లు. రూతు ఇంటి ముందు జనం. బయలుదేరేముందు "ఆమోసు గారూ" అని పిలిచాను. ఆయన వెనక్కి తిరిగి తన వెనక ఎవరున్నారో చూశారు. ఎవరూ లేరు. మళ్ళీ నా వైపు చూసి తల గోక్కున్నారు.

నేను ఏదో చెప్పాలనుకున్నాను. ఆయన వినలేదు. డిక్కీలోంచి స్పానరూ పైపూ తీసి నా చేతికిచ్చారు.

"ఒకపాలి బిగించండి మాస్టారు. ఎడం ఎనక."

కాలనీ అంతా చూస్తోంది. వంగాను. వరసగా కాదు, ఒకటి బిగించి, ఒకటి వదిలి, ఆ తర్వాతది అని చూపించారు. అలా పోతే చెయ్యి వెళ్ళిన దారి నక్షత్రంలా వస్తుంది. "నచ్చత్రం సూడకుండా మీకు కూడా పని జరగదు," అని సమూయేలు అన్నాడు, నాస్తికుడికి. నవ్వారు. నేనూ నవ్వాను. ఐదు నట్లూ కుడికి. ఒక్కొక్కటీ కొంచెం కదిలి, ఇక కదలనని మొండికేసింది. ఆ మొండితనం చేతిలోకి ఎక్కింది. ఫిబ్రవరిలో ఇది తెలియలేదు. అప్పుడు తిరిగినందుకు సంబరపడ్డాను.

ఆయన ఒంగి ఐదింటి మీదా తెల్లరంగుతో గీతలు గీశారు. ఆరేదాకా అందరం నిలబడ్డాం. పెళ్ళికూతురు కూడా.

పూరీ గేటు పట్టాల మీద కారు ఒకసారి ఎగిరి దిగింది. నేను వెనక సైకిల్ మీద ఉన్నాను. చక్రం చక్రంగానే ఉంది. రూతు చర్చి మెట్ల దగ్గర దిగింది. చీర అంచుకి మట్టి లేదు. నూకాలమ్మ కారు తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, లోపలికి వెళ్ళింది.

నేను చర్చి లోపలికి వెళ్ళను. అందరికీ తెలుసు. కారు దగ్గరే ఉన్నాను. కాసేపటికి నూకాలమ్మ పంపిన కేకు ముక్కా, టీ వచ్చాయి. దేవుడికి కాకపోతే ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియని ఇబ్బంది నాస్తికుడికి ఉంటుందని అంటారు. నాకు ఆ ఇబ్బంది లేదు. పేర్లన్నీ తెలుసు.

ఏప్రిల్ 8, శుక్రవారం

కోటేశ్వరి సరేనంది. నోటితో చెప్పేశాను కాబట్టి ఇప్పుడు అచ్చు వేసుకోవచ్చట, అర పేజీకి మించకుండా. ఉపోద్ఘాతం కొట్టేసింది. డిమాండ్లు మాత్రమే మిగిలాయి.

1. ఫిబ్రవరి 16న పంచిన కరపత్రాలు తిరిగి ఇచ్చేయాలి. ఉంచుకోదలచినవారు రచయిత పేరు కింద "ఊడదీసినవాడు" అని రాసుకుని ఉంచుకోవాలి.

2. తాళం చెవి ఆమోసు గారి దగ్గరే ఉండాలి.

3. బయలుదేరేముందు తెల్లగీతలు చూసే పని ఇకనుంచి ఇద్దరిది. రెండోవాణ్ణి నేను.

4. ఊరి మలం మనుషుల చేత ఎత్తించడం ఆపాలి. ఇది పాత డిమాండు. ఇంకా తీరలేదు.

5. వెనుక చక్రాల నట్లు ఎవరికి బిగించాలనిపిస్తే వారు బిగించవచ్చు. కుడివైపుకే. రెండు పక్కలా.

6. ముందు ఎడమ చక్రానికి ఇంకా ఉల్టా చూడీయే. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ముఖ్యంగా నేను.